రెక్క మొదట్లో నీలం

"మరదలా, ఆ చక్రాన్ని అలా గుచ్చి గుచ్చి చూస్తే సిగ్గుపడుతుంది. పెట్టెలో పెట్టు," అన్నాడు బావ.

ఆమె పెట్టలేదు. అరచేతిలో ఇమిడే టైటానియం చక్రాన్ని దీపం కిందికి వంచింది. పైకి వెండిలా మెరుస్తోంది. రెక్క మొదట్లో, పాలిష్ గుడ్డ దూరని సందులో, సన్నటి నీలం చార.

"మాడ్చేశావు బావా."

కట్టర్ మొద్దుబారితే టైటానియం కోతలో వేడెక్కి నీలమవుతుంది, పెళుసుబారుతుంది. టర్బోచార్జర్‌లో ఈ చక్రం నిమిషానికి లక్షసార్లు తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలి తోస్తుంది. అంత వేగంలో రెక్క ఊడితే ఏమవుతుందో ఆమెకు నేర్పింది బావే. అలాంటివాడు కొత్త కట్టర్ వచ్చేదాకా ఆగలేక, అరిగిపోయినదాంతోనే ఈ సరుకంతా లాగించేశాడు. ఆపైన పాలిష్ పట్టాడు.

"గేటు దగ్గర వ్యాన్ కాచుక్కూర్చుంది. ఈ సరుకు ఆగితే కొనే కంపెనీ మళ్ళీ మన మొహం చూడదు."

"చూడకపోతే పోనీ. ఇవి వెళ్ళవు."

"షాపు నాదా, నీదా?"

"నీదే. ఇవి ఎక్కే బండ్లు నీవి కాదుగా!"

బల్ల అవతల పెట్టెలకు టేపు వేస్తున్న అక్క చెయ్యి ఆగింది.

బావకు రోషం పొడుచుకొచ్చింది. "అయితే మామూలు వేగానికి మించి తిప్పి చూద్దాం. పగిలిందా, సరుకు మొత్తం చెత్తలో పోస్తా. పగల్లేదా, రేపట్నుంచి నువ్వు పనిలోకి రాకు."

"సరే, తిప్పు."

చక్రాల్ని తిప్పి పరీక్షించే ఉక్కు గోడల గొయ్యిలో దాన్ని బిగించి మూత వేశాడు. మోటారు మూలిగింది. మూలుగు ఈలయింది. ఈల చెవుల్ని కోసింది. పగులు, పగులు అని ఆమె పళ్ళు బిగించి లోలోపలే అనుకుంది.

పగల్లేదు.

మూత తీసి బావ తొడ చరిచాడు. "చూశావా? గుండ్రాయి! ఇంటికి పో. సాయంత్రం టీకి వస్తా, మొహం మాడ్చుకుని కూర్చోకు."

ఆమె ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించింది. "ఒకటి బతికింది. ఇవాళ. మిగతావాటికి పూచీ ఎవరు?"

"పందెం ఓడిపోయావే!"

"ఓడింది ఉద్యోగం. చేతులు కాదు."

ట్రేలోంచి ఓ చక్రం తీసి బల్లకున్న వైస్ దవడల మధ్య బిగించింది. సుత్తి ఎత్తింది. టంగ్! రెక్క వంగింది. వంకర రెక్కను ఏ కంపెనీ కొనదు.

"ఏయ్, పిచ్చెక్కిందా?"

"ఇందాకటిదాకా నీ దగ్గర పనిచేసేదాన్ని, నీ మాట వినాలి. ఇప్పుడు కాదుగా!"

టంగ్! ఇంకోటి. టంగ్! మరోటి.

"నువ్వైనా చెప్పవే దానికి!" అని పెళ్ళాం మీద అరిచాడు బావ.

అక్క లేచింది. అప్పుడే అతికించిన టేపు చరచరా చింపి, పెట్టెలోంచి ఓ చక్రం తీసి చెల్లెలి చేతికిచ్చింది. "ఇదీ కొట్టవే. లోపల ఇంకా ఉన్నాయి."

"మీరిద్దరూ కలిసి నన్ను నడివీధిలో నిలబెడతారా?"

"నిలబెడితే పక్కన నేనూ నిలబడతాలెండి. ముందు కొత్త కట్టర్ తెప్పించండి."

బావ ఒక్క అంగలో వచ్చి, వైస్‌లోని చక్రం మీద అరచెయ్యి బోర్లించాడు. "కొట్టు. దమ్ముంటే కొట్టు చూద్దాం."

ఆమె సుత్తి దించలేదు. రెప్ప కూడా వేయలేదు.

"చెయ్యి తీసేయండి," అంది అక్క నెమ్మదిగా. "అది కొట్టేస్తుంది. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నా దాన్ని."

బావ మరదలి కళ్ళలోకి చూశాడు. చెయ్యి తీశాడు.

టంగ్!