తుండు వెళ్ళిన దారి

బావ భుజం మీది తుండు ఒక్క పూటలో ఎన్ని పనులు చేస్తుందో సబ్బమ్మ ఒకరోజు కాగితం మీద రాసింది. పదకొండు లెక్క తేలాయి. నుదురు తుడవడం, వేడి గిన్నె దించడం, కత్తి తుడవడం, పళ్ళెం అంచున కారిన చారను తుడవడం, ఈగను కొట్టడం, బల్ల మీద నీళ్ళు ఒత్తడం. ఏడో దాని దగ్గర రాయాలా వద్దా అని ఆలోచించి, ‘ముక్కు’ అని మాత్రం రాసి ఊరుకుంది.

బావ వండే వంటగది నుంచి మంగళవారం తప్ప రోజూ మధ్యాహ్నం నాలుగు ఆఫీసులకు భోజనాలు వెళ్తాయి. పన్నెండుమంది పనిచేస్తారు. పెద్ద వంటాయన సబ్బమ్మకు సొంత అక్క మొగుడు. సబ్బమ్మ గిన్నెలు తోమే విభాగం చూసుకునేది. వంటగది శుభ్రత మీద మూడు రోజుల శిక్షణకు ఎవరో ఒకరు వెళ్ళాలని కబురు వచ్చినప్పుడు పదకొండుమందికి ఏదో ఒక పని అడ్డం వచ్చింది. ఆమె వెళ్ళింది. తిరిగి వచ్చాక ప్రతి గట్టు మీదా సబ్బు పెట్టించింది. అప్పటినుంచి ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలోనే మిగిలింది.

వంటగది అప్పటికే రెండు తనిఖీల్లో తప్పింది. మొదటిసారి ఫ్రిజ్‌లో పచ్చి మాంసం పైన, కోసిన కూరగాయలు కింద ఉన్నాయి. రెండోసారి వంటాయన చేతులు కడుక్కోకుండా పచ్చి మాంసం నుంచి ఉడికిన అన్నం దగ్గరకు వెళ్ళడం ఇన్‌స్పెక్టర్ కళ్ళారా చూశాడు. మూడోసారి కూడా తప్పితే తలుపుకు సీలు వేస్తామని కాగితం ఇచ్చాడు. “దీనికి పూచీ ఎవరు?” అని అడిగాడు. ఓనరు వంటాయన వంక చూశాడు. వంటాయన గిన్నె వంక చూశాడు. గిన్నెలో ఎవరూ లేరు కాబట్టి అందరూ సబ్బమ్మ వంక చూశారు. ఆమె సంతకం పెట్టింది. సీలు పడితే ఆమె ఇంట్లోనూ అక్క ఇంట్లోనూ ఒకేరోజు పొయ్యి ఆరుతుంది.

మాంసం కిందికి దిగింది. కూరగాయలు పైకి ఎక్కాయి. తలలకు టోపీలు వచ్చాయి. తుండు మాత్రం కదల్లేదు.

“బావా, దాన్ని తీసెయ్యి. కాగితం తువ్వాళ్ళు పెట్టించాం కదా.”

“కాగితంతో వేడి గిన్నె దించమంటావా మరదలా? చెయ్యి కాలితే మీ అక్క నిన్ను గుమ్మం ఎక్కనివ్వదు.”

“గిన్నెకి వేరే గుడ్డ ఉంది. బల్లకి వేరే గుడ్డ ఉంది.”

“చూశావా, నువ్వు నాలుగు గుడ్డలు వాడితే నేను ఒక్కదానితో గడుపుతున్నాను. పొదుపరిని పట్టుకుని తిడతావేంటి? ముప్ఫై ఏళ్ళుగా వండుతున్నా. నా వంట తిని ఎవడైనా పోయాడా?”

“పోయినవాడు వచ్చి చెప్పడు కదా.”

“చేతులంటావా, ఆ తనిఖీ తర్వాత రోజుకి ఇరవైసార్లు కడుగుతున్నా. నీ మీద ఒట్టు.”

“నా మీదెందుకు? నీ మీద వేసుకో.”

వంటాయన తన మీద వేసుకోలేదు.

తనిఖీ గురువారం అని తెలిసింది. మంగళవారం వంటగదికి సెలవు. ఆ రోజు పొయ్యిలు వెలిగించరు. ఫ్రిజ్‌లు ఖాళీ చేసి, గోడలు కడిగి, గిన్నెలూ కత్తులూ గరిటెలూ తుడిచి పెడతారు. శిక్షణలో ఇచ్చిన పొడి డబ్బా సబ్బమ్మ బీరువాలో అలాగే ఉంది. పొడి తెల్లగా ఉంటుంది, దులిపేస్తే మామూలు వెలుతురులో కనపడదు. దానితో పాటు ఇచ్చిన వేలెడంత నీలం లైటు వేస్తే పచ్చగా మెరుస్తుంది. చేతులకు పూసి, కడిగించి, ఇంకా ఎక్కడ మిగిలిందో చూపించడానికి ఇచ్చారు. తినే వస్తువుల దగ్గర వాడకూడదని డబ్బా మీద రాసి ఉంది. అందుకే ఆమె మంగళవారాన్ని ఎంచుకుంది.

ఉదయం ఎనిమిదింటికి బావ చొక్కా మార్చుకోవడానికి వెళ్ళినప్పుడు తుండు కొక్కేనికి వేలాడుతోంది. సబ్బమ్మ దాని మడతల్లో మూడు చెంచాల పొడి చల్లి, రెండుసార్లు దులిపి, ఎలా ఉన్నదాన్ని అలా పెట్టేసింది. సాయంత్రం నాలుగింటికి అందర్నీ పిలిచి, లైట్లు ఆర్పి, తుండు ఎక్కడెక్కడ తిరిగిందో చూపించాలి. బావకు ఒక్కసారి సిగ్గు వేస్తే చాలు. రాత్రికల్లా అంతా కడిగేయవచ్చు. బుధవారం కొత్త గుడ్డలు, గురువారం తనిఖీ. ఆమె లెక్క అది.

పదకొండు గంటలకు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు.

“గురువారం అన్నారు కదా సార్?” అన్నాడు ఓనరు.

“గురువారం అని చెబితే గురువారానికి శుభ్రంగా ఉంటుంది. అందుకని మంగళవారం వచ్చాను.”

వంటాయన ఎదురు వెళ్ళి, తుండుతో చేతులు తుడుచుకుని, ఇన్‌స్పెక్టర్ చెయ్యి పట్టుకుని ఊపాడు. రెండు చేతులతోనూ పట్టుకున్నాడు. సబ్బమ్మ గిన్నెల గట్టు దగ్గర తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

ఇన్‌స్పెక్టర్ ఫ్రిజ్‌లో థర్మామీటరు పెట్టి చూశాడు. నాలుగు డిగ్రీలు. కోత పలకలు చూశాడు. మాంసానికి ఎర్రది, కూరగాయలకు ఆకుపచ్చది. నేల కడిగే మందుల డబ్బాలు తిండి సరుకులకు దూరంగా ఉన్నాయి. ఒక్కోదానికి తల ఊపి, మీసం దువ్వుకున్నాడు. ఓనరు ముఖంలోకి రక్తం రావడం మొదలైంది. అప్పుడు ఇన్‌స్పెక్టర్ సంచీలోంచి మూరెడు దీపం బయటికి తీశాడు.

“అదేంటి సార్?” అంది సబ్బమ్మ, అదేంటో తెలిసే.

“నీలం లైటమ్మా. ఎలుక మూత్రం మామూలుగా కనపడదు. దీని కింద మెరుస్తుంది. కిటికీలు మూసి లైట్లు ఆర్పండి.”

“ఎందుకులెండి సార్. చీకట్లో జారిపడతారు. ఇప్పుడే నేల కడిగాం.”

“రోజుకి మూడు వంటగదులు చీకట్లో తిరుగుతానమ్మా. ఎక్కడా పడలేదు.”

“ఎలుకలా!” అన్నాడు వంటాయన. “సార్, నా వంటగదిలో ఎలుక కాలు పెట్టాలంటే నన్ను అడిగి పెట్టాలి. మీరు ఆర్పండి. నువ్వూరుకో మరదలా.”

ఆయనే వెళ్ళి స్విచ్చులన్నీ ఆర్పాడు.

ఇన్‌స్పెక్టర్ దీపం వెలిగించాడు. బల్ల ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మెరుస్తోంది. ఫ్రిజ్ పిడి మెరుస్తోంది. గోడకు వరుసగా వేలాడే ఎనిమిది గరిటెలూ, కత్తుల పిడులూ, పొయ్యి మీటలూ, ఉప్పు డబ్బా మూతా, చెత్తబుట్ట మూతా మెరుస్తున్నాయి. ఎర్ర పలకా మెరుస్తోంది, ఆకుపచ్చ పలకా మెరుస్తోంది. స్విచ్చులు అన్నిటికంటే ఎక్కువ మెరుస్తున్నాయి.

“ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “ఇన్ని ఎలుకల్ని చూడలేదు.”

“అయ్యో, అయ్యో,” అన్నాడు ఓనరు. ఆయన గోడకు చేరగిలబడ్డాడు.

వంటాయన ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి పిడి మీదికి వంగాడు. “సార్, ఇటు చూడండి. ఇవి వేళ్ళు. అయిదున్నాయి. ఇంత చెయ్యి ఉన్న ఎలుక అయితే అది ఎలుక కాదు, వంటాయన.”

ఆ మాట నోట్లోంచి వచ్చాక, గుమ్మడికాయల దొంగ ఎవరంటే తడుముకున్నట్టు, చెయ్యి భుజం మీదికి పోయింది. దీపం అటు తిరిగింది. ఆయన మెడ నుంచి నడుము దాకా ఒక పట్టీ మండుతున్నట్టు కనిపించింది.

ఇన్‌స్పెక్టర్ దీపాన్ని చంకలో పెట్టుకుని, పుస్తకం తెరిచి, కలం మూత తీశాడు. ఏం రాస్తాడో సబ్బమ్మకు తెలుసు. ఎలుకలని రాసినా, తెలియని రసాయనమని రాసినా తలుపుకు సీలు పడుతుంది. నిజం చెబితే పడుతుందో లేదో తెలియదు. తెలియనిదే మేలనిపించింది.

“రాయకండి సార్. ఆ పొడి నేనే చల్లాను.”

స్విచ్చులు వేసి, డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. శిక్షణ ఇచ్చినవాళ్ళ ముద్ర దాని మీద ఉంది. పొద్దున ఎనిమిది నుంచి ఏం చేసిందో, నాలుగింటికి ఏం చేద్దామనుకుందో వరసగా చెప్పింది. ఒక్క గింజ కూడా వండలేదని, ఉప్పు పారబోయిస్తానని చెప్పింది.

“నా తుండు మీదా!” అన్నాడు వంటాయన. “కట్టుకున్న పెళ్ళాం కూడా దాని జోలికి రాదు.”

“అది కనపడుతూనే ఉంది బావా.”

“పొద్దున్నుంచి ఒళ్ళు హూనం చేసుకుని తుడిచానే! మూడు గంటలు!”

“నువ్వు తుడిచినవే మెరుస్తున్నాయి. తుడవనివి బానే ఉన్నాయి.”

ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. డబ్బా మీది రాతంతా చదివి, లైట్లు మళ్ళీ ఆర్పించాడు. ఈసారి దీపాన్ని కిందికి దించి పట్టుకుని, తుండు తిరిగిన దారిన నడిచాడు. చెత్తబుట్ట మూత, అక్కడి నుంచి కత్తులు. ఎర్ర పలక, అక్కడి నుంచి ఆకుపచ్చ పలక. మధ్యలో ఎక్కడా తెగలేదు.

“పెద్దాయనా, చెత్తబుట్ట ముట్టుకున్నాక చేతులు కడిగారా?”

“కడిగాను సార్. పొద్దున్నుంచి పదిసార్లు కడిగుంటాను.”

ఇన్‌స్పెక్టర్ చేతులు కడిగే తొట్టి దగ్గరికి వెళ్ళి కుళాయి మీద దీపం పెట్టాడు. కుళాయి నల్లగా ఉంది. పిడి నల్లగా ఉంది. సబ్బు పెట్టె నల్లగా ఉంది. ఆ వంటగది మొత్తంలో ఒక్క మెరుపు కూడా లేని చోటు అదొక్కటే.

వంటాయన వంగి కుళాయి వంక చూశాడు.

“ఇనుముకి ఆ పొడి అంటుకోదేమో సార్.”

“చెత్తబుట్ట మూతా ఇనుమే బావా,” అంది సబ్బమ్మ.

ఆయన తల దించుకున్నాడు. ఆమె అనుకున్న సిగ్గు వచ్చింది. కానీ అది నాలుగింటికి, వంటగదివాళ్ళ ముందు రావలసింది.

“సీలు వేస్తారా సార్?” అని ఓనరు అడిగాడు.

ఇన్‌స్పెక్టర్ జవాబు చెప్పేలోగా వంటాయన ముందుకు వంగి, “సార్, ఆ దీపం కొంచెం పైకెత్తండి,” అన్నాడు.

“ఎందుకు?”

“ఎత్తండి సార్, ఒక్కసారి.”

ఇన్‌స్పెక్టర్ ఎత్తాడు. ఆయన మీసం ఈ కొస నుంచి ఆ కొస దాకా పచ్చగా వెలిగింది. ముక్కు పక్కన ఒకటి, చెవి మీద ఒకటి చుక్కలు. కలం, పుస్తకం అట్ట, థర్మామీటరు కూడా వెలిగాయి.

“నేను చెయ్యి కలిపినప్పుడు అంటుకుంది సార్,” అన్నాడు వంటాయన వినయంగా. “లోపలికొచ్చే ప్రతివాళ్ళూ ముందు ఆ తొట్టి దగ్గర చేతులు కడగాలని తలుపు మీద రాసి ఉంది. మా మరదలే రాసింది. మీరు కూడా నాలాగే పదిసార్లు కడిగుంటారు.”

“బావా, నోరు మూసుకో,” అంది సబ్బమ్మ.

ఇన్‌స్పెక్టర్ కలాన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత లైట్లు వెయ్యమన్నాడు. తలుపు దాకా వెళ్ళి, దాని మీద అంటించిన కాగితం చదివి, తిరిగి వచ్చాడు.

“ఎలుకలు లేవు,” అన్నాడు. “ఉంటే చుక్కలు చుక్కలుగా కనపడేవి. ఇవి చారలు. ఫ్రిజ్ బాగుంది, పలకలు బాగున్నాయి. తప్పు ఒక్కటే, చేతులు. అది పోయినసారి కూడా రాశాను. రూలు ప్రకారం ఇవాళ సీలు వెయ్యాలి.”

సబ్బమ్మ గట్టు పట్టుకుంది.

“వెయ్యడం లేదు. తప్పు దాచినవాళ్ళకి సీలు వేశాను కానీ, దాన్ని వెతకడానికి పొడి చల్లినవాళ్ళకి ఎప్పుడూ వెయ్యలేదు. పది రోజులు గడువు. ఈలోగా వారానికి రెండుసార్లు, పొయ్యి వెలగని వేళ, ఎవరికీ చెప్పకుండా ఈవిడ పరీక్ష పెట్టాలి. ఎవరి చేతులకి పెట్టాలో ఈవిడ ఇష్టం. కుళాయి మెరవకపోతే ఆ మనిషి వంట ముట్టుకోకూడదు. పెద్ద వంటాయన అయినా సరే, ఓనరైనా సరే.”

“ఇంట్లో అక్క, ఇక్కడ చెల్లి,” అన్నాడు వంటాయన. “నేను బస్టాండులో బతుకుతా.”

“ముందు చేతులు కడుగు,” అంది సబ్బమ్మ.

ఇన్‌స్పెక్టర్ గడువు కాగితం రాశాడు. సంతకం పెట్టబోయి, కలం వంక చూసి ఆగాడు. దాన్ని బల్ల మీద పెట్టి తొట్టి దగ్గరికి నడిచాడు. అప్పటికే వంటాయన కుళాయి తిప్పి సబ్బు రాస్తున్నాడు. ఇన్‌స్పెక్టర్ వెనక నిలబడ్డాడు. ఆయన వెనక ఓనరు నిలబడ్డాడు, తనకేం అంటలేదని అంటూనే.

“ఎంతసేపు?” అన్నాడు వంటాయన.

“ఇరవై లెక్కపెట్టు. పైకి.”

“ఒకటి, రెండు, మూడు, నాలుగు, పది, పదిహేను...”

“మొదటినుంచి, బావా.”

“సార్‌కి ఆలస్యమవుతోంది.”

“నాకు ఇంకో వంటగది ఉంది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ కూడా.

“అక్కడికి ఈ చేతులతోనే వెళ్తారా సార్?” అంది సబ్బమ్మ.

వంటాయన మొదటినుంచి ఇరవై దాకా లెక్కపెట్టాడు. తర్వాత ఇన్‌స్పెక్టర్ కడిగాడు. మీసం కూడా కడిగాడు. కాగితం తువ్వాలుతో తుడుచుకుని, సంతకానికి గడువు కాగితం కోసం చెయ్యి చాపాడు. సబ్బమ్మ కాగితం ఇవ్వలేదు. జేబులోంచి వేలెడంత లైటు తీసి ఆయన చేతి మీద వేసింది. అరచెయ్యి బాగుంది. వేళ్ళ సందులు బాగున్నాయి. కుడిచేతి బొటనవేలి గోరు కింద సన్నటి పచ్చగీత ఉంది.

“ఇంకోసారి, సార్.”

ఇన్‌స్పెక్టర్ ఆమె వంక చూశాడు, గోరు వంక చూశాడు. మళ్ళీ కుళాయి తిప్పి, “ఒకటి, రెండు,” అని మొదలుపెట్టాడు. వంటాయన చేతులు కట్టుకుని పక్కన నిలబడి, ఎక్కడైనా అంకె దాటేస్తాడేమోనని ఇరవై దాకా విన్నాడు.