మూడో పిలుపు

...వంకరగా ఉన్నంత మాత్రాన కర్ర కర్ర కాకుండా పోతుందా, అని పొద్దున ఇంట్లో ఆవిడతో అనాల్సింది. జవాబులెప్పుడూ కోర్టుకొచ్చాకే తడతాయి, అనుకున్నాడు బిళ్ళ బంట్రోతు, హాలు గుమ్మంలో నిలబడి నడుం పట్టీ సర్దుకుంటూ.

పెళ్ళయిన కొత్తలో మొదలైన వాదన అది. రాసినవాళ్ళకి రాసే అధికారం ఉంటే చాలు, అది చట్టమే. మంచిదా చెడ్డదా అన్నది వేరే మాట అంటాడతను. బట్టలు కుట్టే అతని భార్య ఒప్పుకోదు. "న్యాయం లేకపోతే అది చట్టమెలా అవుతుంది? కర్ర ఉన్నవాడిదే బర్రె అవుతుంది. కొలత తప్పని తెలిసీ, కాగితం మీద ఉంది కదా అని చొక్కా అలాగే కత్తిరించమంటారా?"

కత్తిరించాలి, అంటాడతను. కొలత మార్చడం కత్తెర పని కాదు. కోర్టులో కక్షిదారుల పేర్లు పిలిచే పనిలో అతను డబ్బున్నవాడిని నాలుగోసారి పిలవలేదు, లేనివాడిని రెండుసార్లతో సరిపెట్టలేదు. ఈ సాయంత్రం రిటైరవుతున్నా అతని గొంతుకి జంకు లేదు.

మరిది తాళం వేసుకున్న ఇంటికోసం దావా వేసిన విధవరాలి పేరు రెండుసార్లు పిలిచాడు. మూడో పిలుపుకి జడ్జిగారి ముందు లేకపోతే కేసు కొట్టేస్తారు. ఇల్లు మరిదికే మిగులుతుంది.

అప్పుడు కనిపించిందామె, వరండా కింద మెట్ల మొదట్లో. కాలికి పిండికట్టు. మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. లోపలివాళ్ళకి కనపడదు. వస్తోందని చెబుదామంటే, కక్షిదారు తరఫున మాట్లాడడం బంట్రోతు పని కాదు.

"మూడోది కూడా కానివ్వవయ్యా!" లోపల్నుంచి మరిది వకీలు నవ్వాడు. "పోయేరోజున గొంతు దాచుకుంటున్నావా?"

"ఎండిపోయిందండీ. తడుపుకుని పిలుస్తా."

మూడుసార్లు అని రాసి ఉంది. పిలుపుకీ పిలుపుకీ మధ్య ఎంత ఆగాలో ఎక్కడా రాయలేదు. ఇన్నేళ్ళూ ఆ ఖాళీని అతను చూడనే లేదు. ఇప్పుడందులో భార్య మిషను ముందు కూర్చుని, కళ్ళజోడు మీదుగా తననే చూస్తున్నట్టనిపించింది. వాదనలో ఓడిపోతున్నానా అని ఆలోచించాడు. లేదు. నియమం నియమంలాగే ఉంది.

వరండాలో కూజా వంచి గ్లాసు నింపుకున్నాడు. గుక్క గుక్కగా, మందు తాగినట్టు తాగాడు. ఆమె సగం మెట్ల మీద ఆగి రొప్పుతోంది. మళ్ళీ నింపుకున్నాడు.

"చెరువు తాగేస్తున్నావేమిటయ్యా?" వకీలు గొంతులో ఈసారి నవ్వు లేదు.

ఆఖరి మెట్టు దాటి, అతని భుజం పక్కనుంచి ఆమె గుమ్మంలోకి అడుగుపెట్టింది. బంట్రోతు గొంతు సవరించుకుని, హాలంతా మోగేలా, మూడోసారి ఆమె పేరు పిలిచాడు.

"ఉన్నానండీ," అంది ఆమె.

వరండా పిట్టగోడ మీద అతను వదిలేసిన గ్లాసులో ముప్పాతిక నీళ్ళు అలాగే ఉన్నాయి.