వేరే జట్టుకు ఇవ్వరాదు

ఉదయం సాధనకు వచ్చిన ఓరెస్ట్ డానిలుక్‌కు దుస్తుల గదిలోని తన గూట్లో బూడిదరంగు చొక్కా కనిపించింది. ఆ సాయంత్రం మంచు మీద ఆడేవాళ్లకు నీలం, ఆడనివాళ్లకు బూడిద. సస్కటూన్ జట్టులో చేరిన నాటి నుంచి అతనికి ఆ రంగు పడలేదు.

"ఏం తాతా, నీకూ బూడిద పూశారా?" అన్నాడు పక్క గూటి పెల్టోనెన్.

ఎవరూ నవ్వలేదు. హాకీ జట్లు ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకునే గడువు ముంచుకొచ్చే మార్చి నెల అది. వేరే జట్టుకు ఇవ్వబోయేవాణ్ని, దెబ్బ తగలకుండా, ఆటకు దింపరు.

"నన్నెవరూ ఎక్కడికీ ఇవ్వలేరురా. ఒప్పందంలో ఉంది."

నిజమే. తన అనుమతి లేనిదే వేరే జట్టుకు ఇవ్వరాదన్న షరతు కోసం అతను జీతంలో కొంత వదులుకున్నాడు. కూతురు పోయిన చలికాలమది. పాపను ఈ ఊళ్లోనే పూడ్చారు. భార్య లిన్నెట్ ఆనాటి నుంచి ఊరు దాటలేదు.

సాధన కాగానే మేనేజరు ఫిస్క్ పిలిపించాడు.

"కూర్చో ఓరెస్ట్. ఎండ కాసే ఊరొకటి నిన్ను అడుగుతోంది. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను."

"తెలుసు. బలవంతపెట్టను." ఫిస్క్ కాఫీలో చక్కెర నెమ్మదిగా కలిపాడు. "ఈ మధ్యాహ్నం పన్నెండుకు నీ పేరు అన్ని జట్ల ముందు పెడతాను. రేపు పన్నెండులోపు ఏ జట్టయినా నిన్ను ఊరికే తీసుకుపోవచ్చు. మాకు బదులుగా ఏమీ రాదు, నీ జీతం మిగులుతుందంతే. బదులు లేనప్పుడు అది మార్పిడి కాదుగా?"

"నా షరతు..."

"మార్పిడినే ఆపుతుంది నాయనా. అసలు కదపనే కూడదనే షరతు వేరే ఉంది. దానికి జీతం ఇంకాస్త తగ్గేది. నీ ఏజెంటు చెప్పలేదూ?"

చెప్పాడు. అంత్యక్రియలైన వారంలో, వంటింటి బల్ల దగ్గర. ఓరెస్ట్‌కు అతని పెదవులు కదలడం మాత్రమే గుర్తుంది.

"ఎవరూ తీసుకోకపోతే?"

"మన రెండో జట్టులోకి వెళ్తావు. అదీ ఈ ఊళ్లోనే కదా. పిల్లకాయలతో బస్సుల్లో తిరగాలి మరి."

"అయితే పెట్టు."

ఫిస్క్ చెంచా పక్కన పెట్టాడు. "ఎవరికీ అక్కర్లేకుండా పోవాలని కోరుకునేవాణ్ని ఇప్పుడే చూస్తున్నా. కానీ ఈ ఏడు నువ్వు మరీ బాగా ఆడావయ్యా."

మర్నాడు పదకొండు దాటాక ఓరెస్ట్ లిన్నెట్‌ను శ్మశానానికి తీసుకువెళ్లాడు. రాత్రి కురిసిన మంచు పాప సమాధి రాయిని సగం కప్పేసింది. లిన్నెట్ చీపురుతో ఊడుస్తోంది.

"మోకాలు అరిగిపోయినవాడివి, ముందుపళ్లు రెండు లేనివాడివి," అంది వెనక్కి చూడకుండా. "ఈ ముసలి గుర్రాన్ని ఎవడు తోలుకుపోతాడు?"

"ఎవడూ తోలుకుపోడు," అన్నాడు ఓరెస్ట్. ఈ ఏడు వేసిన గోల్స్ ఒక్కొక్కటే కళ్ల ముందుకొచ్చాయి. ఒక్కటైనా తప్పిపోయి ఉంటే బాగుండుననిపించింది.

జేబులో ఫోను కదిలింది. పెల్టోనెన్ పంపిన సందేశం.

"అభినందనలు తాతా! నీ కోసం నాలుగు జట్లు పోటీపడ్డాయట!"

లిన్నెట్ నడుము నిమురుకుంటూ లేచింది. పాప పేరు పూర్తిగా బయటపడింది.

"ఎవరు?"

"పెల్టోనెన్."

"ఏమంటాడు?"

ఓరెస్ట్ ఫోను జేబులో వేసుకుని చెయ్యి చాచాడు. "ఆ చీపురిలా ఇయ్యి. అటు పక్క ఇంకా ఉంది."

అటు పక్క మంచు లేదు. లిన్నెట్ చీపురు ఇవ్వలేదు. అతని ముఖంలోకి చూస్తూ దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.