బుడ్డోడి గుండుకు డోలు లేని పాట

మా బుడ్డోడికి పుట్టువెంట్రుకలు తీయించే ముందురోజు నాకు అన్నం సయించలేదు. పదకొండు నెలల పిల్లవాడి నెత్తి మీద కత్తి పెట్టడమంటే మాటలా! వాడు దువ్వెన చూస్తేనే బొల్లారం మొత్తానికి వినబడేలా ఏడుస్తాడు.

నాకున్న ధైర్యమల్లా ఒక్క పాట. 'పదో ప్లాట్‌ఫాం' అని ఏ.ఎస్. రావు నగర్ పిల్లల బ్యాండు ఒకటుంది. సినిమాలకు పాడరు, టీవీలో కనబడరు. ఒకరోజు నేను కూరగాయలకు పోతే టీ కొట్టు ముందర నిలబడి గొడుగు గురించి ఏదో పాట పాడుతూ వాయిస్తున్నారు. నా చంకలో గుక్కపట్టి ఏడుస్తున్నవాడు టక్కున ఆగి నోరు తెరిచాడు. ఆనాటి నుంచి వాళ్ల గొడుగు పాట పెట్టనిదే మా ఇంట్లో స్నానం లేదు, ముద్ద లేదు. వాళ్లు కొత్త పాట పెట్టారంటే పొయ్యి మీద పాలు కూడా మరిచిపోతాను నేను. గుండుకూ ఆ గొడుగు పాటే పెట్టి గట్టెక్కుదామనుకున్నాను.

సాయంత్రం జంగయ్య వచ్చాడు, పొద్దున ఎన్నింటికి రావాలో కనుక్కుందామని. మా వాడలో గుండ్లన్నీ ఆయనే చేస్తాడు, పెండ్లిళ్లలో డోలూ ఆయనే కొడతాడు. ముందే ఒకసారి వినిపిస్తే మంచిదని చాయ్ ఇచ్చి పాట పెట్టాను. బుడ్డోడు బొమ్మలా కూర్చున్నాడు. అమ్మయ్య అనుకునేలోపే డ్రమ్ములు మొదలయ్యాయి. జంగయ్య భుజాలు లేచాయి. చాయ్ సగం ఆయన లుంగీ మీద, సగం మా అత్త శ్యామలమ్మ చీర మీద.

"వారెవ్వా! దరువు మస్తుంది బిడ్డా!"

"గదేం ఆట జంగయ్యా, ఉతికిన చీర!" అంది అత్త.

"నేనేం జేస్త వదినే? చిన్నప్పటి సంది డోలు గొట్టిన చెయ్యి. దరువు ఇంటే నా మాట ఇనది."

నేను పాట ఆపాను. "రేపు సుత గిట్లనే ఆడ్తదా కాకా?"

"పాట పెడితే ఆడ్తది. పెట్టకు."

"పెట్టకపోతే వీడు ఆడ్తడు!"

"ఇద్దర్ల ఒక్కలే ఆడాలె బిడ్డా. నడుమ కత్తి ఉంటది."

వేరే మనిషిని పిలుద్దామంటే అత్త ఒప్పుకోలేదు. నా మొగుడు కిషన్ పుట్టువెంట్రుకలు తీసిందీ ఈయనేనట. కిషన్ నెత్తి తడిమి చూశాను. చెవి వెనకాల ఒక గీత ఉంది.

"ఓ నవ్తా, చిన్నప్పుడు మంచం మీదికెళ్లి పడ్డ, గది కత్తిది గాదు," అన్నాడు కిషన్. నేను నమ్మలేదు.

చివరికి ఆ బ్యాండు వాళ్లకే మెసేజ్ పెట్టాను. ఇంటర్ మధ్యలో ఆగిన చదువు నాది. చెరిపి చెరిపి రాశాను: 'నమస్తే అండి. రేపు మా బాబు గుండు. మీ పాటలో డోలు ఉన్నది. డోలు లేనిది ఉంటే పంపగలరు. అర్జంటు.'

వాళ్లలో పాడే అమ్మాయి, హదస్సా, జవాబిచ్చింది. "అక్కా, జోకా?"

"జోకు కాదమ్మా, కత్తి."

కాసేపటికి ఫోనే చేసింది. "అక్కా, మా పాటలన్నిట్ల డ్రమ్స్ ఉన్నయ్. లేకుంటే మా రోనాల్డ్ అలుగుతడు. కానీ మేం వేరే బ్యాండ్లవి శానా ఇంటం. గవి పంపిస్తా, బాబు ఏది ఇంటడో చూడు."

వెనకనుంచి రోనాల్డ్ కాబోలు, "నా దరువుకు గుండు గీకుతరా?" అని అరుస్తున్నాడు.

ఇక మా ఇంట్లో పరీక్షలు షురూ. బుడ్డోడు నా ఒళ్లో. కిషన్ చేతిలో కత్తికి బదులు చెంచా. మొదటిది మిజోరం అమ్మాయిది, గిటారూ ఈలా. ఈల వినబడగానే బుడ్డోడు నవ్వి తల ఊపాడు. చెంచా ముక్కుకు తగిలింది. ఫెయిల్. రెండోది బెంగాల్ వాళ్లది. అందులో వాన, కీచురాళ్లు, ఎవరో దూరంగా పాడడం. బుడ్డోడు ఏడుపందుకున్నాడు. నేను మాత్రం ఒక్క ముక్క అర్థం కాకపోయినా కండ్లు మూసుకుని వింటూ ఉండిపోయాను.

"పిల్లగాడు ఏడుస్తుండు, తల్లి కచేరీల ఉంది," అంది అత్త.

ఆఖరుది ఎక్కడో కొండల్లో ఒక ముసలాయనది. మాటల్లేవు, వాయిద్యం లేదు. ఊఁ... ఊఁ... అని కూనిరాగం, అంతే.

"దగ్గొచ్చే ముందు గొంతు సరిజేసుకుంటున్నడా ఏందీ?" అంది అత్త.

బుడ్డోడు మాత్రం బొమ్మయ్యాడు. చెంచా నెత్తంతా తిరిగినా కదల్లేదు.

మర్నాడు ఎల్లమ్మ గుడి ముందర మా తమ్ముడు దయాకర్ మేనమామగా బుడ్డోణ్ణి ఒళ్లో పెట్టుకున్నాడు. ఫోనులో ముసలాయన ఊఁ అన్నాడు. జంగయ్య కత్తి చెరువులో పడవలా మెల్లగా పోతోంది. సగం నెత్తి నున్నగా తేలింది. అప్పుడు, నిన్న రాని ప్రకటన ఈరోజు పాట మధ్యలో ఊడిపడింది. బిర్యానీ ప్రకటన, తీన్మార్ దరువుతో!

జంగయ్య భుజం లేచింది.

"చెయ్యి ఎత్తు కాకా!" అని గుడి అదిరేలా అరిచాను.

చెయ్యి ఎత్తాడు. కత్తి గాలిలో తీన్మార్ ఆడుతోంది, కింద బుడ్డోడు ఆరున్నొక్క రాగం. ప్రకటన ఆపబోతే, కొబ్బరికాయ కొట్టి తడిసిన నా చేతిలోంచి ఫోను జారి నీళ్ల తాంబాళంలో పడింది. పాటా లేదు, ప్రకటనా లేదు, బుడ్డోడి ఏడుపే.

"ఇగ సగం గుండేనా అక్కా?" అన్నాడు దయాకర్. "సగం తల్లి పోలిక, సగం తండ్రి పోలిక అని చెప్పుకుందాం తియ్."

నాకు పాడడం రాదు. అయినా "ఊఁ..." అన్నాను. సన్నగా వచ్చింది. కిషన్ అందుకున్నాడు. అత్త తన శ్రుతిలో తను అందుకుంది. మా వెనక గుండ్లకు వరుసలో నిలబడ్డవాళ్లు కూడా ఎందుకో ఏమిటో అడక్కుండా ఊఁ అన్నారు, ఇదేదో మొక్కు అనుకుని. ఊరంతా ఒకేసారి గొంతు సవరించుకుంటుంటే బుడ్డోడు బిత్తరపోయి ఏడవడం మరిచాడు. ఆ బిత్తరలోనే జంగయ్య మిగతా సగం గీకేశాడు.

నేను వేళ్లతో నెత్తంతా తడిమాను. చెవి వెనకాల, మాడు మీద, మెడ మీద. ఎక్కడా ఒక్క గీత లేదు.

ఫోను తుడుచుకుంటూ లేవబోతుంటే, వెనక వరుసలోంచి ఒక ముసలమ్మ నా కొంగు పట్టుకుంది. ఆమె చంకలో ఇంకో పిల్ల అప్పుడే పెదవి విరుస్తోంది.

"ఓ బిడ్డా, జెర మా మనుమరాలికి సుత గా ఊఁ అనిపో."

కూర్చుని మొదలుపెట్టాను. ఈసారి కత్తి నా బిడ్డ మీద లేదు కనుక గొంతు విప్పి, పై స్థాయికి కూడా పోయాను.