రాములమ్మ పాదం, ఫెబా చుక్కలు

నతానియేలుకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. పాలవాడి ఎదుటే పాలలో వేలు ముంచి చూసేవాడు. ఆళ్ళగడ్డలో బస్సెక్కితే, నంద్యాల బోర్డు చదివాక కూడా కండక్టరును ఇంకోసారి అడిగేవాడు. అలాంటి మనిషికి ఇంట్లోనే ఒక పెద్ద అనుమానం దొరికింది. భార్య రాములమ్మ అరికాలి పుండు ఎందుకు మానడం లేదు?

ఆమెది చక్కెర జబ్బు. బొటనవేలి మొదట్లో బొబ్బగా లేచి రూపాయి బిళ్ళంత పుండైంది. కాలు తిమ్మిరి పట్టిపోవడంతో నొప్పి కూడా తెలియదు. నడవకూడదు, పాదం కింద మోపకూడదు అని నంద్యాల డాక్టరు గట్టిగా చెప్పాడు. ఈస్టరు దాకా చూసి, అప్పటికీ మానకపోతే వేలు తీసేద్దామన్నాడు.

నతానియేలు ముందు డాక్టరునే అనుమానించాడు. కోయడానికి ఆయన చేతులు దురద పెడుతున్నాయేమో అనుకున్నాడు. తర్వాత భార్య మీద పడ్డాడు. బెల్లం డబ్బాకు తాళం వేశాడు. అది చాలక, ఆమె నిద్రపోయేటప్పుడు చేతివేళ్ళు వాసన చూశాడు. ఏమీ దొరకలేదు. చివరికి కూతురి వంతు వచ్చింది.

ఫెబా నంద్యాలలో ఒక కాలేజీలో పరిశోధన చేస్తోంది. గాయం అంచున ఉన్న చర్మ కణాలు ఎలా పాక్కుంటూ వచ్చి పుండును మూస్తాయో కంప్యూటర్లో నడిపించి చూడటం ఆమె పని. ఒక్కో కణానికి ఒక్కో చుక్క. పక్క కణం లాగితే ఎంత జరగాలి, ఎప్పుడు రెండుగా చీలాలి, చక్కెర ఎక్కువైతే ఎంత మందగించాలి అన్నది రాసి వదిలితే, చుక్కలు వాటంతటవే కదులుతాయి. ఆదివారం ఇంటికొచ్చినప్పుడల్లా తల్లి పుండు ఫోటో తీసుకుపోయి ఆ చుక్కలతో పోల్చేది.

"కన్నతల్లి కాలి మీద పాఠం నేర్చుకుంటాండావా?" అని నతానియేలు ఒకసారి అననే అన్నాడు. ఫెబా ఆ మాటకు ఏడ్చింది గానీ ఫోటోలు తీయడం మానలేదు.

ఈస్టరుకు వారం ముందు, మట్టల ఆదివారం నాడు ఆరాధన అయ్యాక ల్యాప్‌టాప్ తెచ్చి తండ్రి ముందు పెట్టింది.

"మడమ పక్క పుండు చుక్కలు చెప్పినట్టే మూసుకుంటాంది నాయనా. వేళ్ళ పక్క మాత్రం మూసుకోని మళ్ళా చీలతాంది."

నీ మిషనే తప్పేమో అన్నాడు ఆయన. తానూ మొదట అలాగే అనుకున్నానని, లెక్కలన్నీ తిరగేసి చూశానని ఆమె చెప్పింది. చివరికి విసుగెత్తి, కంప్యూటర్లోని ఆ చర్మాన్ని రోజుకోసారి వేళ్ళ వైపు గట్టిగా లాగి చూసిందట. అప్పుడు తెర మీద చుక్కలు అచ్చం ఫోటోలో ఉన్నట్టే చీలాయి.

"దినామూ అమ్మ వేళ్ళు ఎనక్కి వంగుతాండాయి. ఎట్లనో తెలీదు."

నతానియేలు ఒళ్ళంతా చెవులయ్యాయి. కట్టు కట్టే నర్సు గాయత్రి మీదికి, పక్కింటివాళ్ళ మీదికి మనసు పరిగెత్తింది. మళ్ళీ భార్య మీదికే వచ్చాడు. "నాకు తెలీకుండా యాడికి పోతాండావ్?"

"యాడికీ పోలేదు. నడవద్దన్న్యారు, నడవలేదు. మోపద్దన్న్యారు, మోపలేదు," అంది రాములమ్మ.

పొద్దున లేచింది మొదలు ఏం చేస్తావో చేసి చూపించమంది ఫెబా. రాములమ్మ మంచం మీద నుంచి చేతుల ఊతతో జారి, చాప మీద మోకరిల్లింది. మడమల మీద కూర్చుంది. వేళ్ళు నేలకు ఆనించి వెనక్కి వంచి, ఒంటి బరువంతా వాటి మీదే వేసింది. వెనక నిలబడ్డ తండ్రీ కూతుళ్ళు చూస్తుండగానే తెల్ల కట్టు మీద ఎర్రటి మరక పుట్టింది.

నతానియేలు చర్చిలో సంఘ పెద్ద. ఇంటి ప్రార్థనలో ఎప్పుడూ గోడ వైపు తిరిగి అందరికంటే ముందు మోకరిల్లుతాడు. ఆ వేళలో భార్య పాదాలు ఆయనకు ఏనాడూ కనపడలేదు. పుండు లేచాక తెల్లవారుజాము ప్రార్థనను రెట్టింపు చేసింది ఆయనే. ఆమెన్ అనేదాకా లేవద్దన్నదీ ఆయనే. ప్రార్థన సంగతి డాక్టరుకు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

అనుమానించడానికి ఇంకెవరూ మిగల్లేదు.

"నేనే," అన్నాడు.

డాక్టరు ఫోన్లో అంతా విని, ఈస్టరు తర్వాత కూడా కొన్నాళ్ళు ఆగుతానన్నాడు. వేలు దక్కుతుందని మాత్రం మాటివ్వలేదు.

మరునాడు తెల్లవారుజామున రాములమ్మ అలవాటుగా మంచం దిగబోయింది. నతానియేలు భుజం పట్టి ఆపాడు.

"మోకాళ్ళూనకుండా అడిగితే దేవుడింటాడా?" అంది ఆమె. ఏళ్ళ తరబడి సంఘంలో ఆయన చెప్పిన మాటే అది. ఆయన ఆమెను మళ్ళీ మంచం మీద కూర్చోబెట్టాడు.

"నీ బదులు నేను మోకాళ్ళూనుతా. నువ్వు కాళ్ళు సాపుకో."

గోడ వైపు కాకుండా ఆమె పాదాల వైపు తిరిగి మోకరిల్లాడు. కళ్ళు మూసుకుంటే ఎక్కడ దిగుతుందోనని, ఆమెన్ అనేదాకా కళ్ళు తెరుచుకునే ప్రార్థన చేశాడు.