సణగని ఇల్లు

…ఎంత హాయిగా ఉందో, కుర్చీ పక్కన నేలలోని జాలీలోంచి వెచ్చటి గాలి వస్తోంది, చీర కుచ్చిళ్ళు బుడగలా ఉబ్బుతున్నాయి, కాలివేళ్ళు ఒక్కొక్కటే మళ్ళీ నావవుతున్నాయి, నవ్వొస్తోంది, నవ్వితే దగ్గొస్తుంది, ఇప్పుడు దగ్గకూడదు, స్టేజీ మీద మా ఆయన ఉదయ్ మైకు పట్టుకున్నారు, ఇవాళ చర్చిలో ఆయన్ని సంఘపెద్దగా నిలబెడుతున్నారు, ముందు దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలి, ఆ నీలం చొక్కా నేనే ఇస్త్రీ చేశాను, పెట్టె వేడికి చేతులు కాచుకుంటూ, అదీ సరదాగానే ఉండింది,

మొదట్లో అన్నీ సరదాలే, అమెరికాలో, ఈ ట్రాయ్ ఊళ్ళో మంచు మొదలైన రోజే అపార్ట్‌మెంట్‌లో హీటర్ ఆగిపోయింది, ఒకే రగ్గులో ఇద్దరం, ఐసుముక్కలాంటి ఆయన ముక్కు నా మెడకి తగిలితే కెవ్వుమన్నాను, కిటికీ అద్దం ఆవిరి మీద మా పేర్లు రాశాను, పొద్దున్నకి అవి గడ్డకట్టి మెరుస్తుంటే ఎంత మురిసిపోయానో, ఇక లీజింగ్ ఆఫీస్‌కి కాల్ చేయండి, మనిషిని పంపి బాగుచేయిస్తారు, కిందనే కదా అన్నాను, ఈయన నవ్వి, వద్దు బంగారం, బైబిల్లో, అరణ్యంలో దేవుడి మీద సణిగినవాళ్ళు ఎలా నాశనమయ్యారో తెలుసు కదా, నాయకుడన్నవాడు భరించి చూపించాలి అన్నారు, మరి నేను ఏ సంఘానికి నాయకురాల్నండీ అంటే, నా సంఘం నువ్వే కదా అని బుగ్గ గిల్లారు, కరిగిపోయాను, ఛీ, అంత చలిలోనూ,

తర్వాత దగ్గు, ఛాతీలో గరగర, తలస్నానం చేస్తే జుట్టు ఆరదు, స్వెట్టర్ మీద కోటు వేసుకుని కూర కలుపుతాను, ఆయన పగలంతా వెచ్చటి ఆఫీసులో ఉంటారు, ఇంట్లో పగటి చలి సంగతి ఆయనకి తోచదు, నేను చెబితే సణుగుడు, నిన్న డాక్టరు న్యుమోనియా అని, ఇంట్లో వెచ్చగానే ఉంటోందా అని నన్ను అడిగితే, మేం మేనేజ్ చేస్తున్నాం డాక్టర్ అని ఈయనే జవాబిచ్చారు,

ఇప్పుడు ఏం చెబుతున్నారు, మా ఇంట్లో ఈ చలికాలమంతా హీటర్ లేదండి, నా భార్య జబ్బుపడింది, అయినా ఒక్క మాట సణగలేదు, దేవునికి స్తోత్రం, హాలంతా స్తోత్రం, తలలన్నీ నావైపు తిరిగాయి, పక్కన సరోజ ఆంటీ నా చెయ్యి నొక్కి, అదృష్టవంతురాలివమ్మా, మా ఆయనైతే కాఫీ చల్లారితే చాలు, ఇల్లు పీకి పందిరేస్తాడు అంది, నవ్వాను, దగ్గొచ్చింది, ఆగలేదు, స్తోత్రాల్లో ఎవరికీ వినిపించలేదు, ఈయన కళ్ళు తుడుచుకున్నారు, పాస్టర్ గారు ఆయన తల మీద చెయ్యి పెట్టి, నాయకుడంటే బ్రదర్ ఉదయ్‌లా ఉండాలి అన్నారు, ఎవరో ఫోటో తీశారు,

ఎంత బాగా చెప్పారు, చలి ఎంతుందో, రాత్రిళ్ళు నా ఊపిరి ఎలా ఈల వేస్తోందో, ఒక్కటీ దాచుకోలేదు, మైకులో చెబితే అది సణుగుడు కాదు కాబోలు, మా ఇంటి చలి సంగతి ఇప్పుడు ఊళ్ళోని తెలుగువాళ్ళందరికీ తెలుసు, తెలియనిది ఆ హీటర్ బాగుచేసే మనిషి ఒక్కడికే.