సుభద్రమ్మ భుజం కొలత

సాంబయ్య తుపాకి ఇనుముకి దీపపు మసి పూసి, కొత్త జిట్రేగి కర్ర గాడిలో నొక్కి తీశాడు. ఇనుము ఒరుసుకుని చెక్క మీద నల్లటి మచ్చ పడినచోటల్లా ఉలితో పల్చగా గీశాడు. మళ్ళీ మసి, మళ్ళీ నొక్కడం. పొద్దుటి నుంచీ అదే పని. ద్వారబంధాలు, మంచాలు చేసే చేతికి ఇంత సన్నపని కొత్త. చెక్కకీ ఇనుముకీ మధ్య వెంట్రుకంత సందున్నా, పేలినప్పుడు కర్ర చీలిపోతుంది.

రెడ్డిగూడెం రోడ్డు పక్కన రేకుల షెడ్డు అతనిది. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో సుభద్రమ్మ కూర్చుని ఉంది. చాట్రాయి దగ్గర ఆమెకు చిన్న మామిడితోట ఉంది. భర్త పోయాక తుపాకి లైసెన్సు ఆమె పేరుకి మారింది. పిందె పడ్డాక కోతులు మందలుగా దిగుతాయి. గాల్లోకి పేల్చి తరమాలి. కాపలాకి మనిషి దొరకక ఆవిడే తోటలో ఉంటోంది.

తుపాకి ఆమె మామగారి కాలంది. ఆ ఇంటి మగవాళ్ళందరూ పొడగరులు. వెనక కర్ర వాళ్ళ చేతులకు తగ్గ పొడవు. ఆమె ఎత్తితే అది భుజాన సరిగ్గా ఆనక, పేల్చినప్పుడల్లా ఎముక మీద తన్నేది. కోసి పొట్టి చేద్దామంటే పాత కర్ర చీలి ఉంది, అందుకే ఆమె భుజం కొలతకి ఈ కొత్త కర్ర. తుపాకిని ఎక్కడా వదిలి వెళ్ళకూడదు గనక, పని అయ్యేదాకా ఆమె అక్కడే ఉండాలి.

సాంబయ్య భార్య పోయి ఏళ్ళయింది. షెడ్డుకి వచ్చేవాళ్ళు నిలబడే మాట్లాడి వెళ్ళిపోతారు. ఆ కుర్చీలో ఒక మనిషి పూటంతా కూర్చోవడం అతను ఎరగడు. ఆమె మధ్యాహ్నం క్యారేజీ విప్పి, పెరుగన్నం సగం మూతలో పెట్టి, ఆవకాయ వేసి అతని వైపు జరిపింది.

"మీరు తినండమ్మా."

"ఒక్కదాన్నే తినడం రోజూ ఉన్నదే కదండీ."

అతను చేతులు కడుక్కొచ్చి తిన్నాడు. ఏం మాట్లాడాలో తెలియక ఆవకాయ బాగుందన్నాడు.

ఎండ వాలేసరికి ఇనుము కర్రలో కదలకుండా కూర్చుంది. అసలు పని అక్కడితో అయిపోయింది. అయినా అతను శాండ్‌పేపరు తీసుకున్నాడు. రుద్దాడు, వేలితో తడిమి చూశాడు, మళ్ళీ రుద్దాడు. చివరికి మర బిగిస్తూ ఒక్క క్షణం ఆగాడు. ఒక చుట్టు తక్కువ తిప్పితే కొన్నాళ్ళకి వదులవుతుంది. ఆమె మళ్ళీ తెస్తుంది. కానీ వదులు కర్ర మళ్ళీ ఆ ఎముక మీదే తన్నుతుంది. అతను స్క్రూడ్రైవర్ మీద ఒంటి బరువంతా వేసి చివరిదాకా బిగించాడు.

"ఒకసారి ఎత్తి చూడండమ్మా."

సుభద్రమ్మ లేచి, తుపాకిని కీలు దగ్గర విరిచి గొట్టాలు ఖాళీగా ఉన్నాయని చూసుకుని, రోడ్డవతలి చెట్ల పైకి ఎత్తింది. ఏదో అడ్డమనిపించినట్టు దించింది. కమిలినచోట దెబ్బ తగలకుండా జాకెట్టు కింద పెట్టుకున్న గుడ్డ మడత లాగి, బల్ల మీద పెట్టి, మళ్ళీ ఎత్తింది. కర్ర భుజం గుంటలో ఒదిగింది. చెంప చెక్కకి ఆనింది. చాలాసేపు అలాగే నిలబడింది.

"మా ఆయన ఉన్నప్పుడే చెప్పాను, నాకు సరిపోయేట్టు చేయించమని. నువ్వెప్పుడు పేలుస్తావులే అన్నారు."

"ఎక్కడన్నా ఒత్తుతోందా అమ్మా? ఇంకాస్త రుద్దుతాను."

"వద్దండి." ఆమె తుపాకిని గుడ్డసంచిలో పెట్టుకుంటూ నవ్వింది. "నున్నబడి చాలాసేపయింది కదా మేస్త్రిగారూ. ఇంటికెళ్ళి చేసేదేముందిలే అని నేనూ కూర్చున్నాను."

సాంబయ్య తల దించుకుని, బల్ల మీద పొట్టు దులిపాడు.

"వదులైతే తీసుకురండి."

"మీరు బిగించింది వదులవుతుందా ఏంటి?"

చాట్రాయి ఆటో వచ్చి ఆగింది. ఆమె సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆటో తోటల మధ్య మలుపు తిరిగేదాకా అతను రోడ్డు మీదే నిలబడ్డాడు. లోపలికొచ్చి, కుర్చీ గోడకి చేర్చబోయి, ఎందుకో అక్కడే ఉంచేశాడు.

బల్ల మీద గుడ్డ మడత, ఆమె భుజం ఒంపు ఇంకా పోకుండా, అలాగే ఉంది.